పది గంటలకు కనబడని జబ్బు

నాగవంకలోని జిల్లా గోదాముల తనిఖీ కార్యాలయంలో నిద్ర ఎవరో కొత్తగా తెచ్చిపెట్టింది కాదు. ఆ భవనంతో పాటే వచ్చింది. పెంకుల కప్పు, ఎత్తయిన గోడలు, తూర్పు కిటికీల్లోంచి సముద్రపు గాలి. మధ్యాహ్నం కేరేజీ ఖాళీ చేసి కుర్చీలో చేరబడ్డ మనిషి ఇంకా మెలకువగా ఉన్నాడంటే ఒంట్లో ఏదో బాగాలేదని అర్థం. ఇన్నేళ్ళూ దీనివల్ల గోదాములకి గానీ, అందులోని ఎలుకలకి గానీ ఏ నష్టమూ జరగలేదు.

అలాంటి చోటికి రాజధాని నుంచి మెలకువ వచ్చిపడింది. శాఖ కమిషనరుగారు పరిపాలనలో శిక్షణ కోసం ఏదో చల్లటి దేశం వెళ్ళారు. లారీ డ్రైవరు కునికితే కీచుమని అరిచే కెమెరా ఒకటి అక్కడివాళ్ళు ఆయనకి చూపించారు. వాళ్ళు దాన్ని లారీల కోసం చేసుకున్నారు. మన కమిషనరుగారిది అంతకన్నా పెద్ద ఆలోచన. లారీ నడిపేవాడికే ఇంత జాగ్రత్త కావాలంటే ప్రభుత్వం నడిపేవాళ్ళకి ఎంత కావాలని, తిరుగు ప్రయాణంలో విమానంలోనే ఉత్తర్వు రాయడం మొదలుపెట్టారు. విమానం దిగేసరికి అది పథకమైంది. దానికి 'నిర్నిద్ర' అని పేరు కూడా కుదిరింది.

ప్రతి ఉద్యోగి బల్ల మీదా ఒక యంత్రం పెట్టారు. పై రెప్పకీ కింది రెప్పకీ మధ్య సందు ఎంతుందో అది రోజంతా కొలుస్తూ ఉంటుంది. ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటే పచ్చదీపం, ఉద్యోగి హాజరు. తగ్గితే ఎర్రదీపం. మనిషి కుర్చీలో కూర్చుని, కలం పట్టుకుని, ఎదుటివాడితో మాట్లాడుతున్నా సరే, ప్రభుత్వం దృష్టిలో నిద్రపోతున్నట్టే లెక్క. ఉత్తర్వులో ఆ యంత్రం పేరు 'కనురెప్పాంతర మాపని'. సిబ్బంది దాన్ని గుడ్లగూబ అన్నారు.

మొదటి వారంలోనే ఒక చిక్కు వచ్చింది. మనుషులు రెప్పలార్పుతారన్న సంగతి ఉత్తర్వు రాసినప్పుడు ఎవరికీ తట్టలేదు. స్పష్టత కోరుతూ జిల్లా నుంచి లేఖ వెళ్ళింది. 'రెప్పపాటు ఉద్యోగి వ్యక్తిగత అవసరమైనందున, అట్టి కాలమును నెలాఖరున కూడి అర్జిత సెలవు నుండి మినహాయించవలెను' అని జవాబు వచ్చింది. అప్పట్నించీ జనం రెప్పలు పొదుపుగా ఆర్పడం నేర్చుకున్నారు. సాయంత్రం ఆఫీసు గేటు దాటాక, పొద్దుట్నించీ దాచుకున్నవన్నీ ఒక్కసారి తీరిగ్గా ఆర్పుకుని ఇళ్ళకి పోయేవారు.

ఈ ఆఫీసులో లెంక పైడినాయుడు సీనియర్ అసిస్టెంటు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. పని తప్పించుకోవడం చేతకానివాడికి ఆఫీసుల్లో ఏ గతి పడుతుందో అతనికీ అదే పట్టింది. అందరి పనీ తిరిగి తిరిగి అతని బల్ల మీదికే చేరేది.

ఎదురు బల్ల ఇప్పిలి జోగారావుది. రికార్డులు చూసుకునే ఉద్యోగం. రికార్డులు ఎక్కడున్నాయో అతనికి తెలీదు, అవి కూడా అతన్ని ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. అయితే జోగారావుకి థైరాయిడు ముదిరి గుడ్లు ముందుకి పొడుచుకొచ్చాయి, పై రెప్పలు పైకి లాక్కుపోయాయి. ఎప్పుడు చూసినా అప్పుడే ఎవరో దడిపించినట్టు ఉండేవాడు. నిద్రలో కూడా ఆ రెప్పలు పూర్తిగా మూతపడవు. పూర్వం కుర్చీలో కునుకు తీయాలంటే మొహం మీద జేబురుమాలు కప్పుకునేవాడు. నిర్నిద్ర వచ్చాక రుమాలుతో పని లేకపోయింది. అతను గురకపెట్టి నిద్రపోతుంటే ఎదురుగా పచ్చదీపం నిలకడగా వెలిగేది. మొదటి నెలలో జిల్లా మొత్తానికి జాగరూకుడైన ఉద్యోగి అతనేనని తేలింది. ఫోటో పెద్దది చేయించి, గుమ్మంలో పెట్టి, దండ వేశారు. దండ వేసిన ఫోటో చూసి పొరుగూరి నుంచి బంధువులిద్దరు ఏడుస్తూ వచ్చారు. వాళ్ళని సముదాయించి టీ ఇప్పించి పంపించారు.

"డాక్టరుగారు మందు వాడమన్నారండి. వాడితే గుడ్లు వెనక్కి సర్దుకుంటాయట" అని జోగారావు జిల్లా అధికారి విశ్వపతిరావుగారికి విన్నవించుకున్నాడు.

"ఇప్పుడా? మీ మీద శాఖ పెట్టుకున్న ఆశలు ఏం కావాలి?" అన్నారాయన. "త్రైమాసిక ప్రగతి నివేదిక వెళ్ళేదాకా యథాస్థితి కొనసాగించండి."

పైడినాయుడి కథ దీనికి తలకిందులు. పొద్దున్న అతని రెప్పలు అందరిలాగే ఉండేవి. మధ్యాహ్నం మూడు దాటాక ఎడమ రెప్ప జారడం మొదలుపెట్టేది. కాసేపటికి కుడిది దానికి తోడయ్యేది. మనిషి మెలకువగానే ఉన్నాడు, చెయ్యి రాస్తూనే ఉంది. తల వెనక్కి వాల్చి, జారిన రెప్పల సందులోంచి కాగితం చూసుకుంటూ గోదాముల నివేదికలు తయారుచేసేవాడు. అతని ముందు ఎర్రదీపం. ఎదురుగా జోగారావు గురక, పచ్చదీపం.

ఒకరోజు విశ్వపతిరావుగారు అతన్ని గదిలోకి పిలిపించారు. ఆయన మంచివారే. పైనుంచి కాగితం వస్తే తప్ప ఎవరికీ అపకారం చెయ్యరు. కుర్చీ చూపించి, మొదటి మెమో చేతికిచ్చి, ఉత్తర్వుల భాషలోకి దిగారు.

"సాయంత్రపు వేళల్లో విధి నిర్వహణలో ఉండగా మీరు నిద్రావస్థకు లోనవుతున్నట్టు ఈ కార్యాలయం దృష్టికి వచ్చింది."

"నేను నిద్రపోటం లేదండి. రెప్ప నిలబడ్డం లేదు. నిన్న పంపిన నివేదికలన్నీ ఆ టైములో రాసినవేనండి."

"రాయలేదని ఎవరన్నారు? నిద్రలో రాశారు. అది మరింత తీవ్రమైన విషయం."

"నిద్రలో రాస్తే కూడికలు సరిగ్గా ఎలా వస్తాయండి?"

"అది విచారణలో తేలాలి" అని, తలుపు వైపోసారి చూసి, గొంతు తగ్గించారు. "చూడు నాయుడూ, మూడో మెమో పడితే సర్వీసు నుంచి తొలగించమని ఉంది. నా చేతుల్లో ఏం లేదు. జబ్బయితే జబ్బని మెడికల్ బోర్డు నుంచి కాగితం తెచ్చుకో. ఆ ఒక్క కాగితం ఉంటే గుడ్లగూబ నిన్నేం చెయ్యలేదు."

పైడినాయుడి భార్య నరసమ్మకి ఈ సంగతి ఆఫీసు కన్నా ముందే తెలుసు. సాయంత్రం ఇంటికొచ్చిన మనిషి తల పైకెత్తి, గుళ్ళో దేవుణ్ణి చూసినట్టు తనని చూస్తున్నాడని ఆమె గమనించి చాన్నాళ్ళయింది. మొదట్లో కాస్త మురిసిపోయింది కూడా.

"ఏటండీ ఇది. పొద్దున బాగానే ఉన్న రెప్ప పొద్దుగూకేసరికి సూరులాగ దిగిపోతన్నాది. పదండి, డాట్రమ్మ కాడికి ఎల్దాం" అని ఆ సాయంత్రమే బయల్దేరదీసింది.

ఏరియా ఆసుపత్రిలో కళ్ళ డాక్టరు హైమావతి సాయంత్రాలు ఇంటి దగ్గర రోగుల్ని చూస్తుంది. పైడినాయుణ్ణి కూర్చోబెట్టి, రెప్ప వాల్చకుండా పైకప్పు వంక చూస్తూ ఉండమంది. చూస్తుండగానే మిగిలిన కాస్త సందు కూడా మూసుకుపోయింది. అప్పుడు రబ్బరు తొడుగులో ఐసుముక్క వేసి రెప్పల మీద కాసేపు ఆనించింది. తీసి చూస్తే రెప్పలు లేచి నిలబడ్డాయి. నరసమ్మ ఆ ఐసు వంకా డాక్టరు వంకా మార్చి మార్చి చూసింది.

"రెప్ప ఎత్తమని నరం చెబుతుంది. ఆ మాట కండకి సరిగ్గా అందడం లేదు" అంది హైమావతి. "విశ్రాంతి తీసుకున్నాక కాసేపు అందుతుంది, అలిసిపోతే అందదు. అందుకే పొద్దున్న కనిపించదు. మయస్తీనియా అంటారు."

పైడినాయుడికి ఈ జబ్బు కొత్తగా అనిపించలేదు. పైనుంచి చెప్పిన మాట కిందికి అందకపోవడం, అందినా పొద్దున్న కాసేపే పని జరగడం, ఉద్యోగంలో చేరిన దగ్గర్నించీ అతను చూస్తున్నదే.

"ఇప్పటికి రెప్పల్లోనే ఉంది. అశ్రద్ధ చేస్తే గొంతులోకి, ఊపిరిలోకి దిగుతుంది" అని ఆమె కాగితం మీద రాస్తూ చెప్పింది. "మాత్రలు ఇస్తాను గానీ అవి ఊతం మాత్రమే. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చేరి ఛాతీ స్కాను తీయించుకోవాలి. అక్కడ ఒక గ్రంథి ఉంటుంది, అవసరమైతే తీసేస్తారు. ఈలోగా మాట ముద్దయినా, అన్నం మింగుడుపడకపోయినా ఒక్క పూట కూడా ఆగకండి."

పెద్దాసుపత్రిలో చేరాలంటే సెలవు కావాలి, ఆరోగ్య కార్డు పని చెయ్యాలి. రెండింటికీ మెడికల్ బోర్డు కాగితమే కావాలి. ఉద్యోగం నిలవాలన్నా అదే కావాలి. అంటే మనిషీ ఉద్యోగమూ రెండూ ఆ ఒక్క కాగితానికే వేలాడుతున్నాయి.

బోర్డు నెలకి రెండు మంగళవారాలు కూర్చుంటుంది, పది నుంచి పన్నెండు దాకా. అధ్యక్షుడు పరాంకుశంగారు చర్మవ్యాధుల డాక్టరు. పక్కన ఎముకల డాక్టరు ఒకరు, పళ్ళ డాక్టరు ఒకరు. కళ్ళ డాక్టరుని పిలవలేదు. రోగిని ముందే చూసింది గనక ఆవిడకి నిష్పాక్షికత ఉండదన్నారు.

పరాంకుశంగారు టార్చిలైటు వేసి చూశారు. "రెప్పలు భేషుగ్గా ఉన్నాయే."

"సాయంత్రానికి పడిపోతాయండి" అన్నాడు పైడినాయుడు.

"సాయంత్రం సంగతి సాయంత్రం బోర్డు చూసుకోవాలి. అటువంటి బోర్డు ఏర్పాటు చేస్తూ ఉత్తర్వులు లేవు."

"కాసేపు పైకి చూడమని పరీక్ష చేస్తే తెలిసిపోద్దని డాక్టరమ్మ రాశారండి."

"పైకి చూస్తే ఎవరికైనా అలుపొస్తుంది. మిమ్మల్ని పైకి చూడమని ప్రభుత్వం చెప్పలేదు కదా" అన్నారు ఎముకల డాక్టరు.

"చూడండి పైడినాయుడుగారూ" అని పరాంకుశంగారు కలం తీశారు. "జబ్బనేది ఉంటే బోర్డు వేళలకి హాజరు కావాలి. రోగి వచ్చి, జబ్బు రాకపోతే బోర్డు ఏం చేస్తుంది?" 'పూర్తి ఆరోగ్యవంతుడు' అని రాసి ముగ్గురూ సంతకాలు పెట్టారు.

హైమావతి ఇచ్చిన మాత్రలు వేసుకున్నాడు. ఆ మాత్రలకి గుణం ఉంది. వారం రోజులు సాయంత్రం దాకా రెప్పలు నిలబడ్డాయి, పచ్చదీపం వెలిగింది. విశ్వపతిరావుగారు స్వయంగా బల్ల దగ్గరికొచ్చి భుజం తట్టారు. ఆ మర్నాడే రెండో మెమో ఇచ్చారు. 'మనసు పెట్టిన దినములలో మెలకువగా ఉండగలరని యంత్రం ద్వారా రుజువైనందున, గతంలోని నిద్రలన్నియు ఉద్దేశపూర్వకమైనవిగా పరిగణించడమైనది.'

మాత్ర వేసుకుంటే బోర్డుకి జబ్బు కనబడదు. వేసుకోకపోతే జబ్బు ముదురుతుంది. ఈ మాట హైమావతికి చెప్పారు. "నేను చదువుకున్న పుస్తకాల్లో దీనికి మందు లేదండి" అందామె. ఆ రాత్రి ఇంట్లో మొగుడూ పెళ్ళాం తర్జనభర్జన పడి మాత్రలు ఆపేశారు.

తరవాతి బోర్డుకి తెల్లవారగానే వెళ్ళి ఆసుపత్రి వసారాలో బల్ల మీద కూర్చున్నారు. పైడినాయుడు తల ఎత్తి, తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తూ ఉన్నాడు. పక్కన నరసమ్మ కాపలా. "కిందికి సూడకండి. నేదు, నాను పిలిసినా సూడకండి." అతను అంత పట్టుదలగా చూడ్డం చూసి, ఆ ఫ్యాను ఊడిపడుతుందేమోనని ఎదురు బల్ల మీదివాళ్ళు లేచి అవతలికి పోయారు. పది కొట్టేసరికి రెండు రెప్పలూ నిండా దిగిపోయాయి. నరసమ్మ అతన్ని చెయ్యి పట్టుకుని విజయోత్సాహంతో లోపలికి నడిపించుకెళ్ళింది.

పరాంకుశంగారు చూసి నొచ్చుకున్నారు. "మీరు బాగా అలిసిపోయి ఉన్నారు. పరీక్షకు ముందు రోగి తగినంత విశ్రాంతి తీసుకుని ఉండాలని నిబంధన. ఆ మంచం మీద కళ్ళు మూసుకుని పడుకోండి. మేం టీ తాగి వస్తాం."

"పడుకుంటే ఎల్లిపోద్ది బాబూ" అంది నరసమ్మ.

"వెళ్ళిపోతే మంచిదే కదమ్మా" అన్నారు పళ్ళ డాక్టరు.

టీతో పాటు పకోడీలు కూడా వచ్చినట్టున్నాయి, వాళ్ళు తిరిగొచ్చేసరికి చాలాసేపైంది. పైడినాయుడి రెప్పలు శుభ్రంగా లేచి కూర్చున్నాయి. రెండో కాగితంలో కూడా 'పూర్తి ఆరోగ్యవంతుడు' అనే రాశారు. ఈసారి 'విశ్రాంతి అనంతరం' అన్న మాట కలిపారు, న్యాయంగా.

మళ్ళీ బోర్డుకి చూపించాల్సిందే గనక మాత్రలు మొదలుపెట్టలేదు. ఏ దారీ లేక హైమావతి కళ్ళద్దాల షాపువాడితో చెప్పి ఒక జోడు చేయించింది. అద్దాల వెనక వంచిన సన్నటి తీగ ఉంటుంది. అది రెప్పని జారకుండా పైకెత్తి పట్టుకుంటుంది, గుంజ పెట్టి పందిరి నిలబెట్టినట్టు. పైడినాయుడు అది పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. ఆ సాయంత్రం హాయిగా పని చేసుకున్నాడు. గుండెల మీద బరువు దిగినట్టయింది.

విశ్వపతిరావుగారు ఆ కళ్ళద్దాలు చూశారు. అడిగి తీసుకుని పెట్టుకు చూశారు. అద్దంలో తన కళ్ళు తనవి కానంత మెలకువగా కనిపించేసరికి ఆయన ఒళ్ళు పులకరించింది. కళ్ళద్దాలు తిరిగివ్వలేదు. నమూనాగా రాజధానికి పంపించేశారు.

కమిషనరుగారు ఇలాంటి దాని కోసమే ఎదురుచూస్తున్నారు. పది రోజుల్లో శాఖలోని ఉద్యోగులందరికీ తీగ కళ్ళద్దాలు వచ్చాయి. చూపు బాగున్నవాళ్ళకి కూడా ఇచ్చారు. చూపుకీ రెప్పకీ సంబంధం లేదన్నారు. ఒక్క పైడినాయుడికి మాత్రం ఇవ్వలేదు. విచారణలో ఉన్న ఉద్యోగి రెప్పలు సాక్ష్యం కిందికి వస్తాయట. 'విచారణ ముగియునంతవరకు ఆరోపిత రెప్పలకు ఎట్టి ఆసరా కల్పించరాదు, వాటిని యథాతథ స్థితిలో ఉంచవలెను' అని ప్రత్యేకంగా రాశారు.

తీగలు వచ్చిన మర్నాటి నుంచి ఆ భవనంలో ఏనాడూ ఎరగని నిద్ర ఆవరించింది. రెప్ప పడిపోతుందన్న భయం లేదు. అందరూ నిటారుగా కూర్చుని, కళ్ళు విప్పార్చుకుని, ప్రశాంతంగా నిద్రపోయేవారు. పచ్చదీపాలు దీపావళిలా వెలిగేవి. గోదాములో మినుములు తడిసిన రైతు ఒకడు వచ్చి ఒక గుమస్తా ముందు నిలబడి తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఇంత శ్రద్ధగా విన్న మనిషిని తన జన్మలో చూడలేదని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

నిద్రపోనివాళ్ళు ఇద్దరే. ఒకడు పైడినాయుడు. రెండోవాడు, విచిత్రంగా, జోగారావు. అతని కళ్ళు ఎండిపోయి, ఎర్రబడి, మంటలు పుట్టి, ఇప్పుడు ఇంటి దగ్గర కూడా నిద్ర పట్టడం లేదు. ఒక మధ్యాహ్నం కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే పైడినాయుడి బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"నాయుడూ, నీ రెప్పల్లో సగం నాకిచ్చి నా గుడ్లు కాస్త నువ్వు తీసుకుంటే ఇద్దరం మనుషులం అయ్యేవాళ్ళం."

"మందు మొదలుపెట్టకపోయావా?"

"నివేదిక వెళ్ళాకన్నారు. నివేదిక వెళ్ళింది. కమిషనరుగారొచ్చి చూస్తారట, ఆయనొచ్చి వెళ్ళేదాకా ఉండమన్నారు" అన్నాడు జోగారావు.

కమిషనరుగారు శుక్రవారం సాయంత్రం నాలుగు దాటాక వచ్చారు. జోగారావుకి 'జాగరూక రత్న' శాలువా కప్పి, అతని సేవల గురించి చాలాసేపు మాట్లాడారు. జోగారావు అన్నాళ్ళ అలసటకీ ఆ ఉపన్యాసానికీ కలిపి నిలబడే కునుకులోకి జారుకున్నాడు. ఇంత పొగిడినా రెప్ప ఆర్పలేదు, ఎంత నిగ్రహమని కమిషనరుగారు కదిలిపోయారు.

తరవాత హాల్లో నడిచారు. వరసగా పచ్చదీపాలు. మధ్యలో ఒకే ఒక్క ఎర్రదీపం. దాని వెనక రెప్పలు వాలిపోయిన మనిషి, తల వెనక్కి వాల్చి, ఏదో రాస్తున్నాడు. ఆ హాల్లో కదులుతున్న కలం అదొక్కటే. పైడినాయుడు లేచి నిలబడి చెప్పబోయాడు. నాలుక మడతపడింది. మాట ముక్కులోంచి ముద్దగా వచ్చింది.

"కలవరిస్తున్నాడు కూడా" అన్నారు కమిషనరుగారు జాలిగా. "వీలైనంత త్వరగా శాఖను ఈ మనిషి నుంచి విముక్తం చెయ్యండి."

మూడో మెమో అప్పటికప్పుడే తయారైంది. మంగళవారం బోర్డు నుంచి జబ్బు కాగితం తెస్తే సరే, లేకపోతే తొలగింపు.

ఆదివారం రాత్రి అన్నం ముద్ద గొంతులో ఆగిపోయింది. నీళ్ళు తాగితే పొలమారింది. నరసమ్మ కంచం పక్కన పెట్టేసి, "పదండి, ఇప్పుడే విశాపట్నం ఎల్దాం. డాట్రమ్మ ఆగొద్దని సెప్పినాది" అంది.

"రెండ్రోజులు ఆగు. ఇప్పుడెళ్తే సెలవు లేదు, కార్డు చెల్లదు, ఉద్యోగమూ పోద్ది. మంగళవారం చూసుకునే వెళ్దాం" అన్నాడు పైడినాయుడు. అంత మాట చెప్పడానికి మూడుసార్లు ఆగాల్సొచ్చింది. అది తెలివితక్కువ పనే. కానీ ప్రాణం కన్నా కాగితం ముఖ్యమని ఇన్నాళ్ళూ అతనికి నేర్పినవాళ్ళు తెలివైనవాళ్ళు.

మంగళవారం పైడినాయుడికి మెలకువ వచ్చింది గానీ చీకటి పోలేదు.

"తెల్లారలేదా ఇంకా?"

"ఎండెక్కిపోనాదండీ" అంది నరసమ్మ.

అతను చెయ్యెత్తి కళ్ళు తడుముకున్నాడు. రెండు రెప్పలూ మూసుకునే ఉన్నాయి. రాత్రంతా పడుకుని లేచినా, తెల్లవారినా, అవి లేవలేదు. పిల్లకి ఉద్యోగం వచ్చిన కబురు చెప్పినట్టు చెప్పాడు.

"పడిపోయాయే నరసూ. పొద్దున్నే పడిపోయాయి."

నరసమ్మ దగ్గరికొచ్చి చూసింది. ఆమెకీ ఒక్క క్షణం సంతోషమే వేసింది. గోడ మీద పైడితల్లమ్మవారి పటానికి దణ్ణం పెట్టుకుంది. పెట్టుకున్న తరవాత అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆటోలో తీసుకెళ్ళి పదింటికి బోర్డు ముందు కూర్చోబెట్టింది. పరాంకుశంగారు వేలితో రెప్ప ఎత్తి వదిలారు. అది నిలవలేదు. మళ్ళీ ఎత్తారు. గ్లాసుతో నీళ్ళిచ్చి మింగమన్నారు. నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. ఊపిరి ఎంతసేపు పట్టగలడో చూశారు. ఆయన మొహం మారిపోయింది. చాన్నాళ్ళ తరవాత ఆయనలో డాక్టరు లేచాడు. అంబులెన్సుని పిలవమని కేకేశారు.

"ఇంత ముదరబెట్టుకుని వచ్చారేమమ్మా. మొదట్లోనే రావద్దూ? అప్పుడే వస్తే ఇంత దూరం వచ్చేది కాదు కదా."

నరసమ్మ కొంగుతో మొగుడి మొహం తుడుస్తూ చెప్పింది. "మేం పెందలాడే వచ్చినాం బాబూ. జబ్బే ఆలీసెంగా వచ్చినాది."

ఎముకల డాక్టరు కిటికీలోంచి బయటికి చూశారు. పరాంకుశంగారు గబగబా కాగితం నింపి, జబ్బు ప్రారంభమైన తేదీ అన్న చోట ఆగి, ఆ రోజు తేదీ వేశారు.

"మరి మొన్నటి దాకా ఉన్నదేటి బాబూ?"

"మొన్నటి దాకా ఆరోగ్యంగా ఉన్నాడని మేమే రెండుసార్లు రాశాం కదమ్మా. మా సంతకాలు మేమే ఎలా కొట్టేస్తాం?" అన్నారాయన. గొంతులో కాస్త సిగ్గు ఉన్నమాట నిజమే.

అంబులెన్సు వేళకే విశాఖపట్నం చేరింది. కొన్నాళ్ళు గొట్టాలు, మరికొన్నాళ్ళు ఇంజక్షన్లు. ఛాతీలో గ్రంథి తీసేశారు. కార్డు పని చేసింది, జబ్బు ఆ మంగళవారం నుంచీ ప్రభుత్వం ఒప్పుకున్నదే గనక. అంతకుముందు సాయంత్రాల్లో వాలిన రెప్పలు మాత్రం ఆరోగ్యవంతుడి రెప్పలుగానే మిగిలాయి. ఆరోగ్యవంతుడు పగటివేళ కళ్ళు మూశాడంటే అది నిద్ర తప్ప మరేమీ కాదని విచారణలో తేలింది.

తొలగింపు ఉత్తర్వు పట్టుకొచ్చింది జోగారావు. ఎలాగూ అదే ఆసుపత్రి కళ్ళ వార్డుకి వస్తున్నాడని అతని చేతికిచ్చి పంపారు. ఎడమ కన్ను పుండు పడితే, అది నిలవడానికి రెండు రెప్పలూ కలిపి కుట్టేశారు. ఆ కంటికి గుడ్డ కట్టుకుని, రెండో కంటితో మంచం నెంబరు వెతుక్కుంటూ వచ్చాడు. మధ్యాహ్నం వేళ. వార్డులోకి గాలి బాగా వస్తోంది.

"ఏటి బాబూ ఆ కాయితం?" అంది నరసమ్మ.

జోగారావు చెప్పలేక చెప్పాడు. "డ్యూటీలో పడుకున్నాడని ఉద్యోగంలోంచి తీసేశారమ్మా. అందినట్టు సంతకం పెట్టించుకు రమ్మన్నారు. ఒక్కసారి లేపుతావా?"

మంచం మీద పైడినాయుడు రెండు రెప్పలూ నిండా మూసుకుని, నోరు కొంచెం తెరుచుకుని, మంచి నిద్రలో ఉన్నాడు.

"లేపకండి బాబూ" అంది నరసమ్మ, దుప్పటి సర్దుతూ. "పెళ్ళయి ఇన్నాళ్ళయినాది. ఈ మనిసి పగటిపూట పడుకోడం ఇదే సూడ్డం నాను."

జోగారావు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అతను లేచేదాకా ఉంటానని స్టూలు లాక్కుని కూర్చున్నాడు.